ఫోరెన్సిక్ పంతులు తయారయ్యే తీరు

సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఉప్పల్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. మెట్టుగూడ దాటాక తార్నాక, ఆ పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంకొంచెం పోతే హబ్సిగూడలో సీసీఎంబీ, ఆ తర్వాత ఉప్పల్లో డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ. అక్కణ్ణుంచి అంబర్‌పేట వైపు మళ్లితే రామంతాపూర్లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, అక్కడే పోలీసులకి డిటెక్టివ్ శిక్షణ ఇచ్చే సంస్థ. స్టేషన్‌కి ఇటుపక్క చూస్తే, ఒకప్పటి ముషీరాబాద్ జైలు స్థలంలో 2003 నుంచి నడుస్తున్న గాంధీ ఆస్పత్రి, దాని మార్చురీ. నేరం జరిగిన చోట దొరికిన వెంట్రుక, శవం, డీఎన్ఏ, విషం, దొంగ సంతకం... దేని సంగతి తేల్చాలన్నా కావలసిన చోటు గంట ప్రయాణంలోనే ఉంది. దేశంలో ఇలాంటి ఊళ్లు ఎక్కువ లేవు.

ఇన్ని ఉన్నా ఫోరెన్సిక్ సైన్స్ పాఠం బాగా చెప్పగల మనిషి దొరకడం కష్టమే. కోర్సులు తెరవడం తేలిక. యంత్రాలు టెండరు పిలిస్తే వస్తాయి. పంతులు అలా రారు. ఇంటర్లో మొదలుపెట్టిన పిల్ల, దారిలో ఎక్కడా ఆగకపోయినా, తరగతి ముందు ధైర్యంగా నిలబడేసరికి పన్నెండు పదమూడేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఏం జరుగుతుందో, ఏం జరగాలో చెప్పడానికే ఈ వ్యాసం. విద్యార్థుల కోసం ఎంతో, వాళ్ల అమ్మానాన్నల కోసం అంతే.

ముందు అమ్మానాన్నల భయం తీర్చాలి. ఫోరెన్సిక్ అనగానే "శవాలు కోసే చదువు ఆడపిల్లకెందుకమ్మా" అంటారు. శవపరీక్ష డాక్టరు పని. ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్లు ఆ దారిలో వెళ్తారు. ఫోరెన్సిక్ సైన్స్ వాళ్ల లోకం ప్రయోగశాల బల్ల. బట్ట మీది మరక, గోడ మీది వేలిముద్ర, ప్రోనోటు మీది సంతకం, తూటా మీది గీతలు, ఫోన్‌లో చెరిపేసిన ఫొటో. పోస్టుమార్టంలో డాక్టరు తీసి సీసాల్లో పంపిన విసెరాలో ఏ విషముందో తేల్చేది కూడా వీళ్లే. శవం కోసేది ఒకరు, సీసా విప్పేది మరొకరు. సీరియళ్లలో ఈ ఇద్దరినీ ఒకే తెల్లకోటులో కుక్కేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

ఇంటర్లో బైపీసీ అయినా ఎంపీసీ అయినా ఇబ్బంది లేదు. చిక్కు డిగ్రీ దగ్గర వస్తుంది. దోస్త్‌లో డిగ్రీ ప్రవేశాలకి ఆప్షన్లు పెట్టేటప్పుడు ఫోరెన్సిక్ అన్న పేరు కనిపిస్తే పిల్లలు దాని మీదికి దూకుతారు. దూకొచ్చు, కానీ పక్కన కెమిస్ట్రీ ఉందో లేదో చూసి దూకండి. విషాలు, మత్తుమందులు, కల్తీ పెట్రోలు, సిరాలు, పేలుడు పదార్థాలు అన్నీ చివరికి రసాయనశాస్త్రమే. మన దేశంలో ఈ శాస్త్రం పుట్టింది కూడా అక్కడే. 1849లో మద్రాసులో పెట్టిన కెమికల్ ఎగ్జామినర్ లేబొరేటరీతో మొదలైంది. విషప్రయోగం కేసుల్లో ఆధారాలు తేల్చడం దాని పని. కెమిస్ట్రీ గట్టిగా వచ్చినవాళ్లకి ఫోరెన్సిక్ రెండేళ్లలో నేర్పొచ్చు. కెమిస్ట్రీ రానివాళ్లకి ఎన్నేళ్లు నేర్పినా యంత్రం ఇచ్చిన కాగితం చదవడమే వస్తుంది. యంత్రం తప్పు చెబితే పట్టుకోవడం రాదు.

స్టాటిస్టిక్స్ సంగతి ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతాను. ఒక గుర్తు లక్షమందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. ముద్దాయికి ఆ గుర్తు ఉంది. "అయితే ఇతను నిర్దోషి అయ్యే అవకాశం లక్షలో ఒకటే" అని ప్రాసిక్యూటరు వాదిస్తే ఏమవుతుంది? హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల జనాభాని కోటి అనుకుంటే ఆ గుర్తున్నవాళ్లు వందమంది ఉంటారు. వేరే ఆధారం లేకపోతే ముద్దాయి ఆ వందలో ఒకడు, అంతే. ఈ తేడాని పంతులు అద్దంలా చూపించలేకపోతే విద్యార్థి రేపు ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ అదే తప్పు సంతకం పెట్టి పంపుతాడు.

ఎమ్మెస్సీకి తెలంగాణలో దారి సీపీగెట్ ప్రవేశ పరీక్ష. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. రాష్ట్రం దాటగలిగితే మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం ఉంది. 1959లోనే అక్కడ ఈ విభాగం పెట్టారు. 2009లో గుజరాత్ రాష్ట్ర వర్సిటీగా మొదలై, 2020 చట్టంతో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీగా మారిన గాంధీనగర్ సంస్థ ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1909లోనే రైస్ అనే ఆయన విశ్వవిద్యాలయంలో దీన్ని చదువుగా నిలబెట్టాడని గుర్తుపెట్టుకుంటే, మనం ఎంత ఆలస్యంగా బయల్దేరామో తెలుస్తుంది. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు కోసం చాలామంది రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల వైపో, రామంతాపూర్ వైపో చూస్తారు. అక్కడ చోటు దొరికినా కేసు వస్తువుని విద్యార్థుల్ని ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వకూడదు కూడా. సీలు విప్పిన చెయ్యి ఎవరిదో రేపు కోర్టులో చెప్పాలి. ఈ ఒక్క నియమం దగ్గరే ఫోరెన్సిక్ పంతులి కష్టమంతా మొదలవుతుంది. దాని సంగతి కిందికి వస్తాను.

పరీక్షల గురించి రెండు ముక్కలు చాలు. పంతులుగా స్థిరపడాలంటే యూజీసీ నెట్ కొట్టాలి, లేదా రాష్ట్రంలో సెట్. నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ విడిగా ఒక సబ్జెక్టు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాదంటున్నారు కదా అని మానేస్తే పై మెట్టు దగ్గర ఆగిపోతారు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేల రూపాయలు. తార్నాకలో గది తీసుకుని ఇంటికి కొంత పంపగలిగే డబ్బు. నిబంధన ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరు. మూడేళ్లలో ముగించినవాళ్లు ఉంటారు, నాకు మాత్రం తటస్థపడలేదు.

అసలు తయారీ పీహెచ్‌డీలో జరుగుతుంది. అంశం ఎంచుకోవడం దగ్గరే మనిషి తేలిపోతాడు. విదేశీ జర్నల్‌లో వచ్చిన పనిని ఇక్కడి శాంపిళ్లతో మళ్లీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. పాఠ్యపుస్తకంలో మన ఊరి సంగతి లేని చోటు వెతకడం ఇంకో దారి. అలాంటి చోట్లు చాలా ఉన్నాయి.

చేతిరాతనే తీసుకోండి. పుస్తకాలన్నీ ఇంగ్లిషు అక్షరం చుట్టూ తిరుగుతాయి. అక్షరాలు ఎలా కలిపారు, వాలు ఎటుంది, ఎల్ మెడ ఎంత పొడవు అని. తెలుగు అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆ కొలబద్ద పనిచేయదు. మన అక్షరాలు కలిపిరాత కాదు, విడివిడిగా గుండ్రంగా తిరుగుతాయి. ఇక్కడ చూడాల్సింది తలకట్టు. దాన్ని అక్షరంతో కలిపి ఒకే ఊపున తీశారా, కలం ఎత్తి తర్వాత తగిలించారా? ఒత్తు అక్షరం కిందనే వేలాడుతోందా, కుడిపక్కకి జారిందా? సున్నా మూసుకుందా, నోరు తెరుచుకుని ఉందా? గుడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, వట్రసుడి తోక ఎటు విసిరారు? ఒకే మనిషి పొద్దున రాసినప్పుడు, తొందరలో రాసినప్పుడు, బస్సులో రాసినప్పుడు వీటిలో ఏది మారుతుంది, ఏది మారదు? దీనికి వందలమంది చేత రాయించాలి. ఇంకో చిక్కుంది. ఇంగ్లిషు మీడియంలో చదివిన తరం తెలుగు రాయడం దాదాపు మానేసింది. సంతకం ఇంగ్లిషులో, మెసేజీ ఇంగ్లిషు అక్షరాల్లో. వాళ్ల తెలుగు రాతలో అలవాటు గట్టిపడి ఉండదు, కాబట్టి పోల్చడానికి ఆధారం తక్కువ. మరోవైపు కోర్టుల్లో నలిగే ప్రోనోట్లు, వీలునామాలు, దానపత్రాలు తెలుగులోనే ఉన్నాయి. ఈ పని చేయాల్సింది తెలుగు చదవగలిగిన పరిశోధకులే. లోజాన్ నుంచి ఎవరూ వచ్చి చేసిపెట్టరు.

ఈగల సంగతీ అంతే. చనిపోయి ఎంతసేపైందో చెప్పడానికి శవం మీది పురుగుల వయసు ఒక ఆధారం. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయంలో విలియం బాస్ 1981లో, దానం చేసిన దేహాలు ఆరుబయట ఎలా కుళ్లుతాయో చూసే క్షేత్రం మొదలుపెట్టాడు. బాడీ ఫామ్ అని పేరుపడిన ఆ చోటి నుంచి వచ్చిన లెక్కల్ని ప్రపంచమంతా చదువుకుంది. టెనెసీ చలికాలపు లెక్క సికింద్రాబాద్ మే నెల ఎండకి ఎలా పనికొస్తుంది? ఈగ గుడ్డు పెట్టినప్పటి నుంచి పురుగు ప్యూపా అయ్యేదాకా పట్టే కాలం వేడిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. చల్లటి దేశాల్లో ఒక జాతి ఈగ ముందు వాలితే ఇక్కడ క్రైసోమియా జాతులు వాలతాయి. కాబట్టి మన ఊళ్లోనే, మన ఎండలో, వానలో, పురుగుల్ని పెంచి లెక్క రాయాలి. మటన్ కొట్టు నుంచి తెచ్చిన కాలేయం ముక్క, వల బిగించిన డబ్బా, పక్కన థర్మామీటరు, గంటగంటకీ నోటుబుక్కు. కంపుకి పక్క విభాగంవాళ్లు ఫిర్యాదు చేస్తారు, కుక్కలు వల చింపేస్తాయి. ఈ పరిశోధన చేసిన పిల్లకి హాస్టల్లో భోజనం బల్ల దగ్గర పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే.

మనుషుల వేలిముద్రలు, రాతలు, లాలాజలం తీసుకోవాలంటే సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఇచ్చేవాళ్ల సమ్మతి పత్రం కావాలి. ఆ పత్రం వాళ్లకి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. దీన్ని గుమాస్తా పని అనుకుని తేలిగ్గా తీసుకునే పరిశోధకులున్నారు. నా ఉద్దేశంలో పంతులికి కావలసిన మొదటి శిక్షణ అదే. ఎదుటి మనిషి చేతిని తీసుకుని సిరాలో అద్దే ముందు, ఎందుకో చెప్పగలగాలి.

బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర, ఉస్మానియా అధీనంలోని చిన్న భవనం ఒకటుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. అదే 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పుట్టింది. హెన్రీ పేరుతో ప్రపంచమంతా పాకిన ఆ వర్గీకరణ లెక్కల్ని కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన ఉద్యోగులు. వేలిముద్రల మీద పరిశోధన చేసే విద్యార్థిని ఒకసారి ఆ బేగంపేట భవనం దాకా తీసుకెళ్తే బాగుంటుంది. పెద్ద యంత్రం లేదని ఏడవడం కొంత తగ్గుతుంది.

యంత్రాల కన్నా ముఖ్యంగా చదవాల్సింది ఇంకొకటి ఉంది. 2004లో మాడ్రిడ్ రైళ్ల పేలుళ్ల కేసులో దొరికిన వేలిముద్ర అమెరికాలోని ఒక లాయరుదని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన్ని నిర్బంధించారు. ఆ ముద్ర వేరే మనిషిదని తర్వాత స్పెయిన్ పోలీసులు పట్టుకున్నారు. రెండేళ్లకి ఇటియల్ డ్రోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. అయిదుగురు అనుభవజ్ఞులకి, ఒకప్పుడు వాళ్లే "సరిపోయాయి" అని చెప్పిన ముద్రల జతల్ని తెలియకుండా మళ్లీ ఇచ్చి, ఇవి ఎఫ్‌బీఐ పొరబడిన ఆ ముద్రలే అని చెప్పారు. అయిదుగురిలో నలుగురు తమ పాత మాట మార్చేశారు. వేళ్లు అవే, గీతలు అవే, మారింది చెవిలో పడ్డ కబురు. ఫోరెన్సిక్ పీహెచ్‌డీ విద్యార్థి చేత ఈ పేపరు మొదటి నెలలోనే చదివించాలి. తన కళ్లని తాను అనుమానించడం అప్పుడే అలవాటవ్వాలి. నలభయ్యో ఏట రాదు.

ఇక ఉద్యోగం. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూలవేతనం 57,700తో మొదలవుతుంది. ఆ పోస్టు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ పిరియడ్‌కింత చొప్పున గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడిపేవాళ్లే ఎక్కువ. సెలవుల్లో జీతం ఉండదు. జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు "పర్మనెంటేనా?" అన్న ప్రశ్నకి సమాధానం ఉండదు. అందుకే ఎమ్మెస్సీలో ఫస్టొచ్చిన పిల్లలు ఫార్మా కంపెనీలకో, బ్యాంకుల మోసాలు పట్టే ప్రైవేటు సంస్థలకో వెళ్లిపోతున్నారు. వాళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మిగిలినవాళ్లలో ఎవరు నిజంగా పంతుళ్లో తెలిసేది తరగతి గదిలోనూ కాదు, పబ్లికేషన్ల జాబితాలోనూ కాదు. నకిలీ నేరస్థలం కట్టేటప్పుడు తెలుస్తుంది.

అసలు వస్తువు విద్యార్థికి అందదని పైన చెప్పాను కదా. చాలా సందర్భాల్లో పంతులికీ అందదు. క్రిమినల్ కేసుల్లో పరీక్షకి పోలీసులు పంపేది ప్రభుత్వ ప్రయోగశాలలకే. నిపుణుణ్ని పిలవకుండానే నివేదికని కోర్టు సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు కూడా చట్టంలో పేర్కొన్న ప్రభుత్వ నిపుణులకి, ప్రభుత్వం నోటిఫై చేసినవాళ్లకే ఉంది. విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆ జాబితాలో లేడు. అంటే ఈ దేశంలో ఫోరెన్సిక్ నేర్పే మనిషి, ఈత కొలను లేని ఈత పంతులు. అందుకని కొలను తనే తవ్వుకోవాలి.

తవ్వడం ఇలా. విభాగంలో ఎవరూ వాడని ఒక గది చూసుకుంటారు. ముందు కాగితం మీద నిజం రాస్తారు. ఎవరు వచ్చారు, ఏ తలుపు గుండా వచ్చారు, ఏం ముట్టుకున్నారు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఏం తీసుకుని పోయారు. ఆ కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి, దాని మీద సంతకం చేసి బీరువాలో పెడతారు. కథ తర్వాత మార్చే వీల్లేదు. ఈ పని బద్ధకించి నోటిమాటగా వదిలేస్తే, విద్యార్థులు తెలివైన జవాబు చెప్పినప్పుడు కథే వాళ్ల వైపు వంగిపోతుంది.

తర్వాత సరంజామా. నెత్తురు మటన్ కొట్టు నుంచి వస్తుంది. గడ్డకట్టకుండా సిట్రేటో ఈడీటీఏనో కలిపి తెచ్చుకోవాలి. తెల్ల కాగితం పరిచి ఎత్తు మార్చి, కోణం మార్చి చుక్కలు వేసి చూస్తారు. నిటారుగా పడితే చుక్క గుండ్రంగా ఉంటుంది, ఏటవాలుగా పడితే సాగుతుంది. వెడల్పుని పొడవుతో భాగిస్తే వచ్చేది కోణం సైన్ విలువ. పొడవులో వెడల్పు సగముంటే 30 డిగ్రీలు. గోడ మీద ఆ చుక్కల్ని పంతులే చల్లాలి, కాగితం మీది కథకి సరిపోయేలా. ఇందులో చెయ్యి తిరగడానికి చాలా చొక్కాలు పాడవుతాయి.

మెట్ల మూల పాన్ ఉమ్మి మరక ఒకటి ఉండాలి. సికింద్రాబాద్‌లో ఏ పాత మెట్లకైనా అది సహజమే, కొత్తగా పెట్టక్కర్లేదు. వంటింటి చాకు మీద నెత్తురుకి బదులు ముల్లంగి రసం పూస్తారు. ఫినాఫ్తలీన్ పరీక్షలో నెత్తురు గులాబి రంగు ఇస్తుంది, ముల్లంగిలోని పెరాక్సిడేజ్ కూడా ఇవ్వగలదు. గులాబి రంగు చూడగానే "రక్తం దొరికింది" అని రాసిన జట్టుకి అక్కడే సగం మార్కులు పోతాయి. రాయాల్సింది "రక్తం కావచ్చు, నిర్ధారణ పరీక్ష చేయాలి" అని. తకయామా పరీక్షలో గులాబి సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాక రక్తమని చెప్పొచ్చు. అదైనా మనిషిదో మేకదో అప్పటికీ తెలియదు. దానికి ఇంకో పరీక్ష.

బల్ల మీద ఇరానీ చాయ్ కప్పు, సాసరు. కప్పు చెవి మీద ఒకరి వేలిముద్ర, సాసరు అంచు మీద ఇంకొకరిది. నున్నటి పింగాణీ కాబట్టి పొడితో లేస్తుంది. పక్కనే ఒక ప్రోనోటు, అందులో పదివేలని నలభైవేలుగా దిద్దిన అంకె. కాగితం మీది ముద్ర పొడితో సరిగా లేవదు, నిన్‌హైడ్రిన్ కావాలి, ఊదారంగులో లేస్తుంది. ముందు నిన్‌హైడ్రిన్ చల్లేస్తే కొన్ని సిరాలు పాకిపోతాయి. కాబట్టి ముందు రాత పరీక్ష, ఆ తర్వాత వేలిముద్ర పరీక్ష. ఈ వరస పుస్తకంలో చదివితే మర్చిపోతారు. ఒక ప్రోనోటు చేతులారా పాడుచేసుకుంటే మర్చిపోరు.

ఇన్ని పెట్టాక, దేన్నీ తేల్చలేని ఆధారం ఒకటి కావాలనే పెట్టాలి. బాగా చెదిరిన వేలిముద్ర సగం చాలు. నా దృష్టిలో మొత్తం గదిలో విలువైన వస్తువు అదే. తెలివైన పిల్లలే దాని దగ్గర బోల్తా పడతారు, ఎందుకంటే ఇన్నేళ్లూ ప్రతి ప్రశ్నకీ జవాబు రాసినందుకే మార్కులు వచ్చాయి. ఇక్కడ "పోల్చడానికి తగిన వివరాలు లేవు" అని రాసినవాళ్లకే పూర్తి మార్కులు. ఇది చదువు మొత్తానికే ఎదురు నడక. కొందరికి రెండు సెమిస్టర్లు పడుతుంది, కొందరికి ఎప్పటికీ రాదు. రానివాళ్లని ప్రయోగశాలకి సిఫార్సు చేయకపోవడం కూడా పంతులి పనే.

విద్యార్థులు పోలీసుల క్లూస్ టీములా నలుగురేసి జట్లుగా వస్తారు. ఒకరు ఫొటోలు, గది మొత్తం, తర్వాత వస్తువు చుట్టుపక్కల, తర్వాత పక్కన స్కేలు పెట్టి దగ్గరగా. ఒకరు కొలతలతో స్కెచ్. ఒకరు సేకరణ, ఒకరు రాత. పంచనామాకి పంచులుగా పక్క విభాగం విద్యార్థుల్ని ఇద్దర్ని కూర్చోబెట్టాలి. వాళ్లకి ఏమీ తెలియకపోవడమే వాళ్ల అర్హత. మధ్యలో అటెండరు చేత టీ పంపించాలి. అతను మామూలుగా తలుపు తీసుకుని లోపలికి నడిచి వస్తాడు, నెత్తురు చుక్క తొక్కుతాడు. ఎవరు ఆపారు, ఎవరు టీ అందుకున్నారు అన్నది పంతులు చూస్తూ ఉంటారు. నిజమైన నేరస్థలంలో లోపలికి వచ్చేది అటెండరు కాదు, పెద్ద అధికారి. ఆయన్ని ఆపడానికి ఇంకా గుండె కావాలి. తడి బట్టని ఆరబెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టిన జట్టు ఒకటి ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. రెండ్రోజుల తర్వాత ఆ సంచి విప్పి వాళ్ల ముక్కు దగ్గర పెడితే చాలు.

ఆఖరున లక్క ముద్ర, లేబులు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో రాసే రిజిస్టరు. నెల తర్వాత ఇదే కేసు మీద కోర్టు పెడతారు. లా కాలేజీ పిల్లలు లాయర్లు, ఫోరెన్సిక్ పిల్లలు బోనెక్కుతారు. లా పిల్లలు మరకల జోలికి రారు, రిజిస్టరు మీద పడతారు. "14వ తేదీ సాయంత్రం ఆరు నుంచి 15వ తేదీ పొద్దున పది దాకా ఈ కప్పు ఎవరి దగ్గరుంది?" బీరువాలో ఉందంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతారు. సైన్సు అంతా సరిగా చేసి తాళంచెవి దగ్గర ఓడిపోయిన పిల్ల ఆ రాత్రి నిద్రపోదు. పంతులికి కావలసింది కూడా అదే.

పరిశోధన గదిలో పుట్టినదాన్ని బోను దాకా నడిపించిన మనిషి ఈ బస్సు దారిలోనే పనిచేశారు. ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాక, హబ్సిగూడలోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ సొంత ప్రోబ్‌తో ఆ పని చేసి చూపించారు. దాని మూలం కట్లపాము డీఎన్ఏలో ఉంది. లింగనిర్ధారణ ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి చేసిన మౌలిక పరిశోధన అది. నేరానికి దానికి సంబంధమే లేదు. కేరళలోని తలస్సేరిలో ఒక పితృత్వ కేసులో సీసీఎంబీ ఇచ్చిన డీఎన్ఏ ఆధారాన్ని కోర్టు ఒప్పుకుంది, 1991లో కేరళ హైకోర్టు దాన్ని నిలబెట్టింది. సీడీఎఫ్‌డీ పుట్టడానికీ ఆయనే కారకుడు. పాముల మీద పరిశోధన ఎందుకని అప్పట్లో గ్రాంటు ఆపేసి ఉంటే ఏమయ్యేదో, ఇవాళ "సమాజానికి తక్షణ ఉపయోగం" అనే గడి నింపమనే దరఖాస్తులు చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మామూలు పంతులికి అంత పెద్ద అవకాశం రాదు. ఆయన బోనెక్కేది ఎక్కువగా సివిల్ కోర్టులో, ప్రోనోటు కేసులో. అక్కడ ప్రభుత్వ ప్రయోగశాలే కావాలన్న పట్టు లేదు. నైపుణ్యం ఉందని కోర్టు నమ్మితే ఎవరి అభిప్రాయమైనా వింటుంది. ఎదుటి లాయరు మొదటి ప్రశ్నలోనే గుచ్చుతాడు: "మీరు పాఠాలు చెబుతారు సరే, ఇప్పటిదాకా ఎన్ని అసలు కేసులు చూశారు?" తడబడకుండా ఉన్న సంఖ్య చెప్పగలగాలి, అది చిన్నదైనా సరే. పెంచి చెప్పినవాళ్లని రెండో ప్రశ్నలో పట్టుకుంటారు.

కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నుంచి పాఠమే మారిపోయింది. సాక్ష్య చట్టంలో నిపుణుడి అభిప్రాయం సెక్షన్ 45 కాస్తా 39 అయింది, నేర విచారణ స్మృతిలో ప్రభుత్వ నిపుణుల నివేదికల సెక్షన్ 293 ఇప్పుడు 329. ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ రెండు భాగాలైంది. రెండోది నిపుణుడు నింపాలి, అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి తీరాలన్నారు, దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకి అయిదేళ్ల గడువిచ్చారు. అంతమంది నిపుణులు ఎక్కడున్నారు? కాబట్టి ఇప్పుడు పంతుళ్ల ముందు కొత్త విద్యార్థులు కూర్చుంటున్నారు. ఎస్సైలు, కానిస్టేబుళ్లు, కొందరికి పంతులి కన్నా ఎక్కువ వయసు. పదేళ్లుగా శవాలు చూసినవాళ్లకి నకిలీ గది చూపిస్తే నవ్వుతారు. వాళ్ల దగ్గర పంతులు ముందు వినాలి, తర్వాత చెప్పాలి. వాళ్ల ప్రశ్నలు నెట్ సిలబస్‌లో ఉండవు: "రాత్రి రెండింటికి బోయిన్‌పల్లిలో రోడ్డు మీద నెత్తురు, వాన మొదలైంది, క్లూస్ టీము రావడానికి గంట పడుతుంది. ఏం చేయాలి సార్?"

చెప్పాల్సిన జవాబు ఇది. పైన టార్పాలిన్ పట్టించండి, మరకకి తగలకుండా. నీళ్లు పారి వచ్చే వైపు ఇసుకో మట్టో అడ్డం వేయండి. ఫోన్‌తోనైనా సరే, స్కేలు లేకపోతే ఏదైనా నాణెం పక్కన పెట్టి ఫొటోలు తీయండి. తడిసిపోయేలా ఉంటే టీము కోసం ఆగొద్దు. గ్లౌజులు తొడుక్కుని శుభ్రమైన దూదితో అద్దుకోండి, మరక లేని పక్క చోటు నుంచి కూడా ఇంకో దూది తీసుకోండి. రెండూ విడివిడిగా నీడలో ఆరాక కాగితం కవర్లో పెట్టండి. జీపు ఇంజను మీద పెట్టి ఆరబెట్టొద్దు. టైము రాసుకోండి, టార్పాలిన్ పట్టుకున్న మనిషి పేరు కూడా రాసుకోండి.